అమావాస్యనాటి లెక్క

అమావాస్య రోజు మా అత్తగారింట్లో మగ్గం ముట్టేవాళ్ళు కాదు. మా ఇంట్లోనే కాదు, బెంగళూరు పేటలో మా వీధి మొత్తం అంతే. మిగతా రోజుల్లో తెల్లవారకముందే మొదలయ్యే టకటకలు ఆ రోజు ఉండవు కాబట్టి, వీధి చివర కొళాయి దగ్గర ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో ఇంట్లో కూర్చునే తెలిసిపోయేది. మా అత్త, నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంత ఊడ్చి, కొయ్యలకి పసుపూ కుంకుమా పెట్టి, నాడెను తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టేది. నాడె అంటే పోగును అటూ ఇటూ లాక్కుపోయే కొయ్యముక్క. అది గూట్లోకి ఎక్కిందంటే మర్నాడు పొద్దున వరకూ ఎవరూ దించకూడదు. మగవాళ్ళు జగలి మీద చేరి ఆకూ వక్కా నములుతూ నెలంతా దాచుకున్న కబుర్లు ఆ ఒక్కరోజే చెప్పుకునేవాళ్ళు. అరుగును ఆ ఊళ్ళో జగలి అనే అంటారు, తెలుగువాళ్ళు కూడా.

నేను హిందూపురం వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. మా పుట్టింట్లోనూ మగ్గాలే గనుక ఈ ఆచారం నాకు కొత్త కాదు. నెలకోసారి మగ్గానికి దండం పెట్టుకున్నందుకు ఒక వీధికి వీధే మునిగిపోతుందని తెలియడం మాత్రం కొత్త. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా పేపరు చదువుతూ నూటికి ఇంత పెరిగింది, నూటికి అంత తగ్గింది అంటే, లెక్కపెట్టినవాడు ఏ రోజు లెక్కకి పోయాడో కనుక్కో అంటాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

అప్పుడు యుద్ధం నడుస్తూ ఉంది. కంటోన్మెంటు వైపు పోతే ఎటు చూసినా సిపాయిలే. బియ్యానికి కార్డు, కిరసనాయిలుకి కార్డు, చివరికి నూలుకీ కార్డు వచ్చింది. మిల్లుల నుంచి వచ్చే నూలంతా సర్కారు చేతిలోకి పోయింది. డిపోలో వాళ్ళు ఎంత ఇస్తే అంత తెచ్చుకుని నెయ్యాలి. మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి మా మామది, ఇంకొకటి మా ఆయనది. నూలుకి గంజి పెట్టడం, కండెలు చుట్టడం నేనూ మా అత్తా చూసుకునేవాళ్ళం.

మా ఆయన పడుచువాడు, నూలు లేకపోతే ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది. మామ సంగతి అలా కాదు. నూనూగు మీసాలు రాకముందే గుంతలో కాళ్ళు పెట్టిన మనిషి, అరవైకి దగ్గరపడ్డాడు. మోకాళ్ళు వంగిపోయాయి. చూపు మూరెడు దూరం దాటితే ఆనదు. ఆ మూరెడు లోపల మాత్రం తెగిన పోగు ఎక్కడున్నా చేతికి దొరికేది. మగ్గం మీంచి లేపి ఇంకో పని చెయ్యమంటే, చెయ్యడానికి ఆయనకి ఇంకో పని రాదు, ఒళ్ళూ సహకరించదు. మగ్గం పోతే మామ ఏమైపోతాడన్నదే మా ఇంట్లో అందరి భయం. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

ఒక అమావాస్య రోజు పొద్దున్నే సైకిలు మీద ఒక గుమాస్తా వచ్చాడు. నల్లకోటు, పంచె, తలకి రుమాలు. కన్నడంలో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. సర్కారువాళ్ళు పేటలో మగ్గాలు లెక్కపెట్టిస్తున్నారనీ, ఇకమీదట ఆ లెక్కను బట్టే నూలు పంచుతారనీ చెప్పాడు. అమావాస్య రోజే ఎందుకు వచ్చాడో కూడా అడక్కుండానే చెప్పాడు. మిగతా రోజుల్లో వస్తే మగ్గాల చప్పుడులో మాట వినపడదట. గుంతలో కూర్చున్న మనిషి తలెత్తి జవాబు చెప్పడట. అమావాస్య అయితే అందరూ జగలి మీద తీరిగ్గా దొరుకుతారు, వీధికి వీధి ఒక్క పూటలో అయిపోతుంది. ఈ ఉపాయం తనదేననీ, ఆఫీసులో పెద్దవాళ్ళు మెచ్చుకున్నారనీ సంబరంగా చెప్పుకున్నాడు. మా అత్త పాపం, అతనికి మజ్జిగ ఇచ్చింది.

అతను అడగాల్సింది ఒకటే ప్రశ్న. “మగ్గ నడీతా ఇదెయా, నింతిదెయా?” నడుస్తోందా, నిలిచిందా అని. కాగితం మీద గడులు కూడా ఆ రెండే.

నాడె దేవుడి గూట్లో ఉండగా మగ్గం నడుస్తోందని చెప్పడం మా మామ వల్ల కాదు. అది దేవుడి ఎదుట అబద్ధం చెప్పడం. పైగా మా వీధిలో అమావాస్యకి చేసే పనిని మగ్గం ‘నిలపడం’ అనే అంటారు. “మగ్గం నిలిపినారా?” అని అడిగితే పూజ చేసుకున్నారా అని అర్థం. నిలపనివాడే తలొంచుకోవాలి. అందుకని మామ నిబ్బరంగా, కాస్త గర్వంగా కూడా, “నింతిదె స్వామీ, ఎరడూ నింతిదె” అన్నాడు. రెండూ నిలిచాయని. గుమాస్తా రెండు గీతలు గీసుకుని, నమస్కారం చేసి పక్కింటికి పోయాడు. అక్కడా అదే ప్రశ్న, అదే జవాబు, అదే గర్వం.

“ఏం రాసుకున్నాడు మామా?” అని తలుపు చాటునుంచి అడిగాను.

“ఉండేది ఉన్నట్ల రాసుకొని పోయినాడు. బో మర్యాదస్తుడు,” అన్నాడు మామ.

అటుతర్వాత ఒకరోజు మా ఆయన నూలు డిపోకి పోయి ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. సంచిని జగలి మీద పారేసి కూలబడ్డాడు. లోపల మగ్గం చప్పుడు ఆగింది. మామ మోకాళ్ళు పట్టుకుంటూ గుంతలోంచి లేచి గడప దాకా వచ్చాడు.

“ఏమాయ అప్పా?”

“మనకి నూలు లేదంట నాయనా. మన మగ్గాలు నిలిచిపోయుండాయంట.”

“ఎవరు చెప్పినారు?”

“మనమే చెప్పినామంట.”

మామ కాసేపు వెనక్కి తిరిగి లోపల తన మగ్గం వంక చూశాడు, ఇటు కొడుకు వంక చూశాడు. “నిలిచిపోయినదాని మీంచే గదరా నేనిప్పుడు లేసి వచ్చింది,” అన్నాడు.

నాకు మొదట నవ్వొచ్చింది. సర్కారు పనుల్లో ఇలాంటివి మామూలే, పోయి చెబితే దిద్దుతారు అనుకున్నాను. వీధిలో అందరికీ ఇదే జవాబు వచ్చిందని సాయంత్రానికి తెలిసింది. అప్పటికి ఇంట్లో ఉన్న నూలు ఇంకొన్ని వారాలకి సరిపోతుంది. ఆ లోపల తప్పు దిద్దించుకోవాలని మర్నాడే మామా మా ఆయనా మంచి పంచెలు కట్టుకుని ఆ లెక్కల ఆఫీసుకి బయల్దేరారు.

అక్కడి ఆఫీసరు వాళ్ళని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడట. అదే పాడుచేసింది. నాలుగు తిట్టి గెంటేసి ఉంటే వీధంతా కట్టగట్టుకుని పోయి అరిచేవాళ్ళు. కాఫీ తాగాక ఏం అరుస్తారు? వాళ్ళు చెప్పిందంతా ఓపిగ్గా విని, మీ ఒక్క ఇంటి విషయంలో పొరపాటు జరిగి ఉండొచ్చు అన్నాడట. లెక్కల్లో ఇది మామూలేనట. ఒక ఇంట్లో తక్కువ పడుతుంది, ఇంకో ఇంట్లో ఎక్కువ పడుతుంది, అన్నీ కలిపేసరికి ఆ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మొత్తం మాత్రం ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది అని వివరించాడట. మామ తల ఊపి దండం పెట్టి వచ్చేశాడు. సంగటి తింటూ ఇదంతా మా ఆయన చెప్పాడు.

“అమావాస్య మనింటికే వచ్చిందా? వీధందరికీ ఒకే పొద్దు వచ్చె గదా!” అన్నాను. “అందరూ నిలిచిందనే చెప్పినారు. ఎక్కువ చెప్పినోడు యాడుండాడు, కొట్టేసుకునేదానికి? ఆ మాట అడిగేది తెలీదా నీకు?”

“నువ్వు పోయి అడుగు. నీ నోటికైతే కుర్చీ కాదు, సోఫానే వేస్తారు,” అన్నాడు మా ఆయన.

“ఊరికే గలాటా చేయొద్దు మా. పెద్ద చదువులు చదివినోళ్ళు, వాళ్ళకి తెలీదా?” అన్నాడు మామ.

మామ మంచితనం మీద నాకు ఆ రాత్రి వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. ఆయన వాళ్ళ మాట నమ్మాడు, తన చెవుల్ని నమ్మలేదు. పొద్దున లేచినప్పట్నుంచి తన మగ్గం చప్పుడు తనే వింటూ, అది నిలిచిపోయిందని వేరేవాళ్ళు చెబితే, వాళ్ళకి తెలీదా అంటాడు.

ఇక మిగిలింది మా పేట మెంబరు. మునిసిపాలిటీకి ఎన్నికైనవాడు, బట్టల కొట్టు ఉండేది, తెలుగువాడే. మావాళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ వచ్చి విస్తరి ముందు కూర్చునేవాడు. చెడ్డవాడని చెప్పను. కానీ ఆ మధ్య ఆయనకి ‘శేకడా’ అనే మాట పట్టుబడింది. నూటికి ఇంత అనడానికి కన్నడంలో ఆ మాట వాడతారు. అది నోట్లో పడ్డాక ఆయన ఇంకోలా మాట్లాడటం మానేశాడు. మా వీధి దీపం వెలగడం లేదని పోయి చెబితే, పేటలో శేకడా ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో చెప్పి పంపించేవాడు. మా దీపం మాత్రం వెలిగేది కాదు. మా అత్త వంటింట్లో గిన్నె మూత తీసి, “శేకడా ఎంత పులుసు మిగిలిందే?” అని అడిగేది. నేను, “మీ కొడుకు తినకముందా, తిన్నాకనా అత్తా?” అనేదాన్ని. నవ్వుకోవడానికి మాకు ఆ రోజుల్లో అదొక్కటే దొరికింది.

ఆ మెంబరు ఒక సాయంత్రం మా వీధి భజన మందిరం ముందు సభ పెట్టాడు. అది సరిగ్గా మా ఇంటికి ఎదురుగా ఉంటుంది. మగవాళ్ళు కింద చాపల మీద కూర్చున్నారు, ఆడవాళ్ళం ఎవరి జగలి మీద వాళ్ళం నిలబడ్డాం. దండ వేశారు. ఆయన కాగితం తీసి చదివాడు. మన పేటలో మగ్గాలు వాటికవే తగ్గిపోతున్నాయి, నిలిచిపోయినవి శేకడా ఎన్నో చూసి నేనే నమ్మలేకపోయాను, కాలం మారుతోంది, మనమూ మారాలి అన్నాడు. మునిసిపాలిటీలో తనే లేచి మాట్లాడాడట. నిలిచిన మగ్గాలకి నూలు పంపించి ఏం లాభం, నడిచే చోటికే పంపండి, మావాళ్ళకి మిల్లుల్లో పని ఇప్పించండి అని గట్టిగా అడిగాడట. దాన్ని మా మేలు కోసం చేసిన గొప్ప పనిగా చెప్పుకుంటున్నాడు. నిజంగానే అలా అనుకుంటున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. డిపోలో ఇచ్చే ఆ నాలుగు చిలపల నూలు కూడా మా దగ్గరకి చేరకుండా అడ్డం పడింది ఈయనేనని మాకు అప్పుడు తెలిసింది.

మా వీధిలో అప్పటికి చాలామంది ఇళ్ళల్లో పాత నూలు ఇంకా మగ్గం మీద ఉంది. సభకి పోతే ఆ పూట పని పోతుందని కొందరు ఇంట్లోనే ఉండి నేస్తున్నారు. మా మామ కూడా. ఆ టకటకలకి మెంబరుగారి మాట వెనక చాపలవాళ్ళకి అందడం లేదు. ఆయన రెండుసార్లు గొంతు పెంచి చూశాడు. చివరికి కాగితం దించి, విసుగ్గా అన్నాడు.

“ఆ చప్పుడు కొంచెం నిలపమనండప్పా! ఒక్క మాటా వినపడనీకుండా ఉండాది.”

నా నోరు ఊరుకోలేదు. “అది నిలిచిపోయిన మగ్గాల చప్పుడే సామీ!” అన్నాను జగలి మీంచి. “లెక్కలో లేదు గదా, మీకెట్ల వినపడతాండాది?”

చాపల మీద కూర్చున్నవాళ్ళు ముందు గతుక్కుమన్నారు, తర్వాత ఒకడు నవ్వాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. మా అత్త నా చెయ్యి గట్టిగా గిల్లింది గానీ ఆవిడా నవ్వుతూనే ఉంది. మెంబరుగారి ముఖం కందగడ్డ అయింది. సభ మధ్యలో పరువు పోయింది కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి. అమావాస్య సంగతి నలుగురూ లేచి చెప్పాక, సరే, మళ్ళీ లెక్కపెట్టిస్తానని మాట ఇచ్చాడు. ఆ రాత్రి వీధిలో నన్ను అందరూ మెచ్చుకున్నారు. నేనూ గెలిచాననే అనుకున్నాను.

మళ్ళీ లెక్క అంటే అంత తొందరగా అయ్యేది కాదని నాకేం తెలుసు? ముందు మీటింగులో పెట్టాలట. పైవాళ్ళు ఒప్పుకోవాలట. గుమాస్తాలు వేరే పనిమీద ఉన్నారట. అడగడానికి పోయిన ప్రతిసారీ “అవుతా ఉండాది” అనే జవాబు. ఈలోపల నూలు మాత్రం పాత లెక్క ప్రకారమే. అంటే రాదు. చాటుగా అమ్మేవాళ్ళ దగ్గర కొనాలంటే మావాళ్ళ తరమా? వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. నూలు అయిపోయిన ఇంట్లో చప్పుడు ఆగేది, పక్కింటివాళ్ళు వచ్చి జగలి మీద కాసేపు కూర్చుని లేచి పోయేవాళ్ళు.

మా ఆయన మగ్గమూ ఆగింది. ఆయన మిల్లులో చేరాడు. తెల్లారి మిల్లు కూత వెయ్యకముందే సద్ది కట్టించుకుని పోయేవాడు. సాయంత్రం చెవుల్లో దూది పింజలతో ఇంటికొచ్చి, పిలిస్తే పలికేవాడు కాదు. మిల్లులో చేరినవాళ్ళు పెరిగారని మెంబరుగారి శేకడాల్లో అది కూడా మంచి కిందే పడి ఉంటుంది.

మామ దగ్గర మాత్రం కొంచెం నూలు మిగిలింది. మగ్గం మీద ఎక్కించి ఉన్న పడుగులో చివరి కొస. గట్టిగా కూర్చుంటే ఒక్క పూటలో అయిపోతుంది. ఆయన దాన్ని నెయ్యలేదు. రోజూ పొద్దున గుంతలోకి దిగి, నాడెను ఇటు ఒకసారి అటు ఒకసారి వేసి, వేలెడు కూడా నెయ్యకుండా ఆపి, మగ్గం తుడిచి లేచేవాడు.

“దాన్ని నేసేస్తే కోసి అమ్ముకోవచ్చు గదా మామా, ఉప్పుకో పప్పుకో వస్తుంది,” అన్నాను ఒకసారి.

“లెక్కోళ్ళు మళ్ళ వస్తారంట గదా మా,” అన్నాడు. “వాళ్ళు వచ్చే పొద్దుకి మగ్గం మీద నూలుండల్ల. నడుస్తాండాదని చెప్పల్ల గదా. నూలు లేకుండా నడుస్తాండాదని ఎట్ల చెప్పేది?”

అప్పుడు కూడా ఆయనకి అబద్ధం చెప్పాలని తోచలేదు. నిజం చెప్పడానికి కావలసినంత నూలు దాచుకుంటున్నాడు. నేను వంటింట్లోకి పోయి కసిదీరా పొయ్యి ఊదాను. పొగ వచ్చింది, కళ్ళలో నీళ్ళు పొగవల్లే అనుకోవడానికి వీలైంది.

చివరికి లెక్కవాళ్ళు వచ్చారు. మొదటిసారి వచ్చిన గుమాస్తానే. ఈసారి పంచాంగం చూసుకుని మరీ వచ్చానని, మా మీద గౌరవం కొద్దీ శుక్లపక్షంలో వచ్చానని జగలి ఎక్కుతూనే చెప్పాడు. తర్వాత వీధి అటూ ఇటూ చూశాడు. చెవి ఒగ్గి విన్నాడు. కొళాయి దగ్గర బిందెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఈవత్తు అమావాస్యె అల్ల తానే?” అన్నాడు అనుమానంగా. ఈరోజు అమావాస్య కాదు కదా అని.

అతని మీద కోప్పడాలని ఎన్ని రోజులుగా మాటలు కూర్చుకున్నానో! ఆ ప్రశ్న వినేసరికి అవన్నీ పోయి ఒక్క మాటే మిగిలింది. నూలు ఇవ్వకపోతే మగ్గాలు ఎలా నడుస్తాయి, మీరు రాసిందాని వల్లే ఇవి నిలిచాయి, ఆ మాట రాసుకోండి అన్నాను. అతను మంచివాడే, అబద్ధం చెప్పను. కాగితం నా వైపు తిప్పి చూపించాడు. నడుస్తోంది, నిలిచింది. ఆ రెండే గడులు. ఎందుకు నిలిచిందో రాసే చోటు లేదమ్మా, రాసినా పైన దాన్ని కూడేవాళ్ళు లేరు అన్నాడు. ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు, నిలిచింది, నిలిచింది అని గీసుకుంటూ పోయాడు. మా ఆయన మగ్గం కూడా అందులోనే.

మా మామ మాత్రం గుంతలో సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. గుమాస్తా గడపలో నిలబడగానే నాడె వేశాడు. పోగును బిగించే అచ్చు లాగి కొట్టాడు. మళ్ళీ వేశాడు. టక్, టక్. వీధి మొత్తం మీద అదొక్కటే చప్పుడు. “నడీతా ఇదె స్వామీ,” అన్నాడు తలెత్తి. గుమాస్తా నడిచే గడిలో ఒక గీత గీశాడు. మామ ఆ పూట సంగటి రెండు ముద్దలు తిన్నాడు.

ఫలితం మా ఆయన మోసుకొచ్చాడు. మిల్లు నుంచి వస్తూ ఆఫీసుకి పోయి అడిగాడట. ఆఫీసరు ఈసారి కూడా కాఫీ తెప్పించాడు. రెండుసార్లు, వేరువేరు రోజుల్లో లెక్కపెట్టినా ఒకటే వచ్చింది, మొదటి లెక్క తప్పయితే రెండోది వేరుగా రావాలి కదా, రాలేదు కాబట్టి మొదటిది కూడా సరైనదే అని తేలింది అన్నాడట. ఇంత కచ్చితంగా కలిసిన లెక్క ఇంకే పేటలోనూ లేదని మెచ్చుకున్నారట కూడా.

“మా నాయన మగ్గం నడిచింది గదా, అది రాసుకొని పోయినారు గదా అని అడిగినా,” అన్నాడు మా ఆయన. చెవుల్లో దూది తీసి చేతిలో నలుపుతున్నాడు. “ఇన్ని మగ్గాల్లో ఒక్కటుంటే శేకడాలోకి రాదంట. సున్నా కిందే వేస్తారంట.”

మామ విన్నాడు. మర్నాడు పొద్దున గుంతలోకి దిగి, అన్ని రోజులు దాచిన ఆ కొస మొత్తం ఒక్క పూటలో నేసేశాడు. కోసి విప్పి చూస్తే ఒక తువ్వాలుకి కూడా నిండుగా రాలేదు. దాన్ని నా చేతికిచ్చి, నాడె తీసుకుపోయి తనే దేవుడి గూట్లో పెట్టాడు. ఆ రోజు అమావాస్య కాదు.

ఆ తర్వాత ఆయన జగలి మీదే ఉండేవాడు. దూరంగా వచ్చే మనిషి ఎవరో ఆనక, దగ్గరికి వచ్చాక “ఎవరప్పా?” అనేవాడు. చేతులు ఊరికే ఉండలేక పంచె అంచులో పోగులు లాగుతూ ఉండేవాడు. ఆ అంచులన్నీ కుచ్చులై వేలాడేవి. ఉతికేటప్పుడు అవి చేతికి తగిలితే ఎవరిని తిట్టాలో తెలిసేది కాదు నాకు. గుమాస్తానా? మర్యాదస్తుడు. ఆఫీసరా? కాఫీ ఇచ్చాడు. మెంబరా? మా మేలే కోరాడు. అందరూ మంచివాళ్ళే, మా మగ్గం మాత్రం పోయింది. తిట్టడానికి ఒక్క మనిషి కూడా దొరకని కోపం ఎక్కడ పెట్టుకోవాలి?

స్వతంత్రం వచ్చింది. మా వీధిలోనూ జెండా కట్టారు, పిల్లలకి బొరుగులు, బెల్లం పంచారు. మెంబరుగారు తెల్ల టోపీ పెట్టుకుని అదే భజన మందిరం ముందు నిలబడి, చేనేతను కాపాడుకోవాలని మాట్లాడాడు. ఈసారి ఎవరి చప్పుడూ అడ్డం రాలేదు, వెనక చాపల దాకా చక్కగా వినపడింది. మిల్లుకి అమావాస్య లేదు కాబట్టి మా ఆయన అమావాస్య నాడూ పనికి పోయేవాడు. మా అత్త మాత్రం నెలనెలా ఆ ఉత్త మగ్గం కొయ్యలకే పసుపు పెట్టేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కొత్త సర్కారు తరఫున ఒక కుర్రవాడు వచ్చాడు. ఖద్దరు చొక్కా, తెలుగువాడు, కర్నూలు వైపు యాస. చేనేత ఎందుకు పోతోందో తెలుసుకోవడానికి పెద్ద ఎత్తున లెక్క తీస్తున్నారట. అతని కాగితంలో గడులు ఎక్కువే ఉన్నాయి. లోపలికి తొంగి చూసి, జగలి మీద మామ పక్కన కూర్చుని అడిగాడు.

“తాతా, ఈ మగ్గం ఎప్పట్నుంచి నిలిచిపోయి ఉంది?”

నేను నోరు తెరవబోయాను. మామ అప్పటికే జవాబు చెబుతున్నాడు. గొంతులో కోపం లేదు. ఉండేది ఉన్నట్టు చెప్పే ఆ పాత గొంతే.

“మీరు వచ్చి రాసుకొని పోయినప్పట్నుంచి అప్పా.”

కుర్రవాడికి అర్థం కాలేదు. “అట్ల కాదు తాతా. సంవత్సరం చెప్పండి, రాసుకోవాలి.”

మామ పంచె అంచులోంచి ఒక పోగు లాగాడు.

“సంవత్సరం గ్నాపకం లేదప్పా. అమావాస్య.”

కుర్రవాడు నా వంక చూశాడు, కాగితం వంక చూశాడు. తర్వాత ఆ గడిలో ‘తెలియదు’ అని రాసుకుని పక్కింటికి పోయాడు.